మైలరోజుల్లో నాచు మందు

ఆ ఏడాది మా కార్శి తోట మోకాలెత్తు దాటలేదు. కార్శి అంటే కొట్టేసిన చెరకు మోళ్ల నుంచి మళ్లీ లేచిన పిలకలు. ఆకు పాలిపోయింది. ఏళ్ల తరబడి యూరియా తిన్న నేల కదా, ఈసారి సముద్రపు నాచు మందు కొడదామని మా ఆయన చోడవరం వెళ్లి ఒక డబ్బా తెచ్చారు. నాకు చదువు ఇంట్లో మా నాన్న చెప్పినదే. డబ్బా మీది రాత నేనే కూడబలుక్కుని వినిపించాను. రెండుసార్లు కొట్టాలి, మధ్యన నెల ఎడం ఉండాలి.

మూత తియ్యగానే నీచు వాసన. అత్తగారు ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకున్నారు.

"ఇదేటిరా, ఎండుచేపల బుట్ట తెచ్చేవా? దేవుడున్న ఇల్లు. అవతల పెట్టు!"

"చేప కాదమ్మా, మొక్కే."

"మొక్కయితే సముద్రంలో ఏటి పని దానికి?"

గట్టుపక్క రైతు కూడా వదల్లేదు. "బావా, ఈపాలి నీ బెల్లం ఉప్పగుంటాది. పులుసులో ఏసుకోవచ్చు!" మా ఆయన పడీ పడీ నవ్వారు.

మొదటిసారి ఆయనే కొట్టారు. "రెండోది తప్పితే ఇదీ దండగే. అప్పటికీ తేరుకోపోతే దున్నించేద్దాం" అన్నారు నాతో. రెండోది కొట్టే లోపలే ఒక మధ్యాహ్నం పొలం నుంచి వచ్చి మంచినీళ్లు అడిగారు. చెంబు తెచ్చేసరికి గోడకి ఒరిగి ఉన్నారు. అంతే.

మైల. దీపం పెట్టకూడదు, దినం అయ్యేదాకా నేను గడప దాటకూడదు. మా ఇంటిపేరు పాలివాళ్లందరికీ మైలే. మందు కొట్టాల్సిన రోజు వచ్చింది. నోరు తెరిచి ఎవరినీ అడగలేక, మనసులోనే స్వామిని తలుచుకుంటూ కూర్చున్నాను. అత్తగారు వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు.

"మైల మనకి గానీ మొక్కకేటే? లే."

"అత్తమ్మా, నలుగురూ ఏటంటారో..."

"అననీ. ఆళ్లు అనీసి పోతారు, ఆడి తోట ఎండిపోతాది. లే."

మర్నాడు తెల్లవారుతుండగా వెళ్లాం. కాలవ నీళ్లు ఆవిడే బకెట్టుతో మోసి, మందు కలిపి ఇచ్చారు. ట్యాంకు నా వీపున. కళ్లకి నీళ్లు అడ్డం పడి సాళ్లు అలుక్కుపోతున్నాయి.

"ఆ సాలు ఒగ్గీసేవు, సూడు!" అత్తగారు గట్టు మీంచి కేకేశారు. చెంగుతో కళ్లు ఒత్తుకుని మళ్లీ బకెట్టు ఎత్తారు.

మేం ఇంటికి వచ్చాక చుట్టాలు ముఖాలు తిప్పుకున్నారు. ఆవిడ బకెట్టు కడిగి బోర్లించారు.

ఆ వారంలోనే ఒక వాన కూడా పడింది. మందు పనిచేసిందో, వానో, నాకు తెలీదు. తోటని మాత్రం దున్నించలేదు. అలాంటి తల్లిని నాకు అత్తగా ఇచ్చినందుకు స్వామికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

చెరకు పడిపోకుండా ఆకులు మెలేసి జడలు కట్టే నాటికి తోట మా తలల్ని దాటిపోయింది. అత్తగారు ఒక సాల్లోకి వెళ్లి, చాలాసేపు బయటికి రాలేదు. నేను పిలవలేదు.