ఎలుగు చస్తే అడిగేవాళ్లున్నారు

మామా, అంటే ఈ ఇంటి యజమానురాలు, తన చేత్తో ఎప్పుడూ పొయ్యి ఆపింది లేదు. ఆ రోజు వంటింట్లోకి వచ్చి, నేను కలుపుతున్న గిన్నె కింద మంట ఆపేసింది. నా భుజం మీద చెయ్యి వేసింది. ఆమె నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది. వేటకు పోయిన నా కొడుకు ఇక రాడు.

మాది రాయచోటి దగ్గర పల్లె. కువైట్‌లో, సబా అల్ సలేంలోని ఈ ఇంట్లో నేను వంట చేస్తాను. నా కొడుకు ఇదే ఇంటికి డ్రైవరు. గేటు పక్క గది వాడిది, వంటింటి వెనక గది నాది. ఫర్వానియా బజారులో మనవాళ్లు కనిపిస్తే, "నీకేంలే అక్కా, కొడుకును కొంగున కట్టుకొని వచ్చినావు" అనేవాళ్లు. ఆ మాటకు నేను మురిసిపోయేదాన్ని.

వాడు నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. చిన్నప్పుడు వేయించిన చింతపిక్కలు కొరికి ముందుపన్ను కొస విరగ్గొట్టుకున్నాడు. "తియ్‌రా చెయ్యి, నీ నవ్వు నేను చూడొద్దా" అంటే, "పొద్దున చూసినావు కదా మా, రోజుకు ఒకసారి చాల్లే" అనేవాడు.

మా యజమానికి, అందరం బాబా అంటాం, వేటంటే ప్రాణం. ఒక ఏడు అలాస్కా అనే మంచుదేశం పోయి గ్రిజ్లీ ఎలుగును కొట్టి వచ్చాడు. ఆ తోలు దివానియాలో, అంటే మగవాళ్లు కూర్చొని మాట్లాడుకునే గదిలో, గోడకు పరిచినట్టు ఉంటుంది. పుర్రె దాని కింద అద్దాల బీరువాలో. తోలును బ్రష్షుతో దువ్వడం, పుర్రెను తుడవడం నా కొడుకు పని. అతిథులకు టీ అందిస్తూ బాబా చెప్పే వేట కథలన్నీ విని, వంటింట్లోకి వచ్చి నాకు చెప్పేవాడు.

"మా, ఆ దేశంలో ఎలుగుబంటికి గూడా ఇఖామా ఉండాది."

"పోరా, నాతోనా ఎగతాళి?" ఇఖామా అంటే మాలాంటివాళ్లు ఈ దేశంలో ఉండేదానికి సర్కారు ఇచ్చే కాగితం.

"నీమీద ఒట్టు. ఊరికే కొడితే జైలంట. లైసెన్సుకు ఒక దుడ్డు, ఎలుగుకు ఒక దుడ్డు, దారి చూపే మనిషికి ఇంకో దుడ్డు. ఎలుగు కనపడకపోయినా పోయిన దుడ్డు పోయినట్టే. నన్ను ఈ దేశంలోకి పంపేదానికి నాయన ఎద్దుల్ని అమ్మినాడు కదా? బాబా ఆ అడివిలో అడుగుపెట్టేదానికి మన ఊరి ఎద్దులన్నీ అమ్మినా చాలదు మా."

పిల్లలున్న తల్లి ఎలుగు జోలికి పోకూడదట. కొట్టిన తర్వాత తోలు, పుర్రె తీసుకుపోయి సర్కారు మనిషికి చూపించాలట. ఎక్కడ కొట్టావు, ఎప్పుడు కొట్టావు అని అతను అడుగుతాడట. తోలుకు సీలు వేస్తాడట. కోరపన్ను వెనక చిన్న పన్ను ఒకటి పీకి, చచ్చిన ఎలుగు వయసెంతో తేలుస్తారట.

"నాకు పాస్‌పోర్టు చేయించినోడు నా నోరు తెరిచి చూసినాడా మా? అయిదేండ్లు ఎక్కువేసి పారేసినాడు" అని నవ్వాడు, చెయ్యి అడ్డం పెట్టుకొని. నేనూ నవ్వాను.

ఇక్కడి వేట వేరు. చలికాలంలో డేగలను తీసుకొని ఎడారికి పోతారు. మా సీమలో బట్టమేక పిట్ట అంటామే, అలాంటి పిట్ట కోసం. డేగను వదిలి, దాని వెంట బండిలో తరుముతారు. ఆ పని నా కొడుకు చేసేవాడు. "రోడ్డు మీద కింద చూసి తోలల్ల మా, వేటలో పైన చూసి తోలల్ల. డేగ కనపడకుండా పోతే నా పని ఖలాస్" అనేవాడు. మెడ నొప్పితో వచ్చేవాడు. నూనె వేడి చేసి రుద్దేదాన్ని.

ఆ రోజు కూడా వాడు పైనే చూస్తున్నాడు. పక్కన బాబా తమ్ముడి కొడుకు యల్లా యల్లా అని తొందర పెడుతున్నాడు. ముందు గుంట ఉంది. బండి తలకిందులైంది. ఆ పిల్లవాడికి చెయ్యి విరిగింది. డేగకు ఏమీ కాలేదు. ఎవరి కేక మీద వాడు అంత జోరుగా తోలాడని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

నేనే అడిగాను. దివానియా గుమ్మంలో నిలబడి, వచ్చీరాని అరబ్బీలో అడిగాను. "బాబా, అక్కడ ఎలుగు చస్తే అడిగే మనిషి ఉన్నాడు. ఇక్కడ నా బిడ్డ చస్తే ఎవరు అడిగినారు?"

బాబా టీ గ్లాసు కింద పెట్టాడు. "నసీబ్" అన్నాడు. తలరాత అని. "ఖలాస్, లోపలికి పో" అన్నాడు.

నా ఇఖామా కాగితాలు ఆఫీసులో ఉన్నాయని వాడి శవం వెంట నన్ను ఊరికి పంపలేదు. పెట్టె ఒక్కటే పోయింది. ఎలుగు తోలుకు వేసినట్టే దానికీ సీలు వేశారు. వాడి వయసు పాస్‌పోర్టు చూసి రాశారు. నా బిడ్డ బతకని అయిదేళ్లు కూడా పెట్టెతోపాటు ఊరికి పోయాయి. సీలు విప్పొద్దన్నారని వాళ్ల నాయన కూడా మొహం చూడలేదు.

ఒకసారి కొట్టినవాడు మళ్లీ ఎలుగును కొట్టాలంటే అక్కడ ఏళ్లు ఆగాలట. మా ఇంట్లో చలి పోకముందే కొత్త డ్రైవరు వచ్చాడు. బద్వేలు పిల్లవాడు. అన్నం పెట్టి చెప్పాను.

"ఒరే నాయనా, ఎడారిలో కింద చూసి తోలు."

"బాబా పైన చూడమన్నాడు పెద్దమ్మా" అన్నాడు వాడు, అన్నం కలుపుకుంటూ.

ఇప్పుడు తోలు దువ్వడం, పుర్రె తుడవడం నా పని. తెల్లటి ఆ పళ్ల వరస మీద గుడ్డ జారుతూ పోయి, కోర వెనక పన్ను లేని చోట ఆగిపోతుంది. అక్కడ నా వేలు పెట్టి చూస్తాను. నున్నగా, చిన్న గుంటలా ఉంటుంది.