ఎడ్లకు జమానతుగా మా చిన్నాయన

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. నేను పంతులమ్మ ఉద్యోగం కోసం కోదాడ పోయిన రోజున, మా చిన్నాయన ఒక జత ఎడ్లకు జమానతుగా సరిహద్దు నాకా దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎడ్లు తిరిగి వస్తేనే ఆయనను వదులుతామన్నారు. ఇంటికి వచ్చాక ఆయన మాత్రం, "నేనే దగ్గరుండి పిల్లను ఇన్‌స్పెక్ట్రెస్ ముందర నిలబెట్టిన" అని అందరికీ చెప్పుకున్నాడు. నేను తల వంచుకుని ఊరుకున్నాను. (తల వంచుకోవడం నాకు కొత్త కాదు గనుక ఎవరికీ అనుమానం రాలేదు. ఆ రాత్రి డైరీలో కూడా "ఎండ ఎక్కువ" అని మాత్రమే రాసుకున్నాను.) ఇప్పుడు ఆ నాకా లేదు, ఆ మోటరు లేదు, చిన్నాయనా లేడు. చెప్తే ఎవరికీ నష్టం లేదనుకుంటాను.

ఆ రోజుల్లో సూర్యాపేట నుంచి కోదాడ పోవడమంటే ఒక రాజ్యం దాటి మళ్లీ అదే రాజ్యంలోకి రావడం. సూర్యాపేట మాది, కోదాడా మాదే. నడుమనున్న మునగాల పరగణా మాత్రం మద్రాసు వాళ్లది. రోడ్డు సరిగ్గా దాంట్లోంచే పోయేది. పోయేటప్పుడు ఒక నాకా, మళ్లీ మన వైపు అడుగుపెట్టేటప్పుడు ఇంకొక నాకా. పోలీసు చర్య జరిగి అప్పటికి ఏడాది తిరగలేదు. నిజాం రాజ్యం పోయిందని అందరికీ తెలుసు గాని, దానితోపాటు ఏమేం పోయాయో, ఏమేం మిగిలాయో ఎవరికీ తెలియదు. సర్కారు కచేరీలో ఒకరు అవునంటే ఇంకొకరు కాదనేవాళ్లు. జనం మధ్యలో నిలబడి ఇద్దరికీ దండం పెట్టేవాళ్లు.

కోదాడలో ఆడపిల్లల బడికి పంతులమ్మ కావాలన్నారు. మిర్యాలగూడ నుంచి ఇన్‌స్పెక్ట్రెస్ వచ్చి ఆ ఒక్క రోజే అందరినీ చూసి, పొద్దుగుంకక ముందే తిరిగి పోతారని కబురు వచ్చింది. మా బాపు చాలాసేపు మీసం దువ్వుకుని, "సరే, ఈ ఒక్కసారి పోయి రా. అందకపోతే మాత్రం ఇగ ఉద్యోగం ముచ్చట నా ముందర ఎత్తొద్దు" అన్నాడు. నాకు ఆ ఉద్యోగం కావాలి. వడ్ల గుమ్మి వెనక దాక్కుని పుస్తకాలు చదివే బాధ తప్పుతుంది కదా! అయితే పదిమంది పిల్లల ఎదుట నిలబడి నోరు తెరవాలంటే, ఆ గుమ్మి వెనకే నయమనిపించేది. అందితే ఎట్లా అని ఒక భయం, అందకపోతే ఎట్లా అని ఇంకొక భయం. రెండింటినీ వెంటబెట్టుకుని పొద్దున్నే బయలుదేరాను.

తోడు వచ్చింది మా చిన్నాయన. ఆయన సూర్యాపేటలో ఒక వకీలు దగ్గర గుమాస్తా. కోర్టులో జడ్జి కన్నా వకీలుకు, వకీలు కన్నా తనకు కానూను ఎక్కువ తెలుసునని ఆయన నమ్మకం. బస్సులో పోతే మర్యాద కాదని వకీలు గారి పాత మోటరు అడిగి తెచ్చాడు. దానికి రబ్బరు బుడ్డి హారను ఒకటి ఉండేది. మిగతా భాగాల కన్నా అదే బాగా పనిచేసేది. చివ్వెంల దాటిన కొంతసేపటికి మోటరు రెండుసార్లు దగ్గి, ఒకసారి తుమ్మి, రోడ్డు నడుమ ఆగిపోయింది. చిన్నాయన దిగి, ఇంజను మూత ఎత్తి, కోర్టు కాగితాల మిసిలు చూసినట్టు గంభీరంగా లోపలికి చూశాడు.

"ఏమైంది చిన్నాయనా?" అన్నాను.

"ఇంజను హాజరైతలేదు" అన్నాడు.

సూర్యాపేటలో ఆగిపోయిన బండ్లను లాగే మిస్త్రీ ఒకడుండేవాడు. యుద్ధం అయిపోయాక ఎక్కడో కొన్న మిలిటరీ లారీ అతనిది. అటు పోతున్న బస్సు డ్రైవరుతో చిన్నాయన కబురు పంపాడు. తిరుగు బస్సు కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి, "వస్తున్నడట! మిమ్ముల గీడ్నే ఉండమన్నడు!" అని అరిచి పోయాడు. (మోటరు కదలదు, మేం ఎక్కడికి పోతామనుకున్నాడో.) నేను సంచిలోంచి పుస్తకం తీశాను. ఒక్క పేజీనే మళ్లీ మళ్లీ చదివాను. ఎండ నడినెత్తికి వచ్చాక లారీ వచ్చింది. మిస్త్రీ దిగి, మోటరు చుట్టూ తిరిగి, "అరె, ఇంత చిన్న బండేనా? ఇంకా పెద్దదనుకుని నిమ్మళంగ తిని వచ్చిన" అన్నాడు. ఆ లెక్క ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మోకు కట్టి లాగడం మొదలుపెట్టాడు. లారీ లేపిన దుమ్ములో చిన్నాయన ముక్కు కూడా నాకు కనిపించలేదు. కాసేపటికి దుమ్ము తేటపడింది. బాగుంది అనుకున్నాం. తర్వాత చూస్తే లారీయే లేదు. మోకు తెగిపోయింది. మిస్త్రీకి ఆ సంగతి తెలియక తన దారిన తాను పోయాడు. చాలాసేపటికి వెనక్కి తిరిగి వచ్చి మమ్మల్నే అడిగాడు: "ఏం సార్, నడుమల్నే దిగిపోయిన్రు?"

"మేం దిగుడేంది? నీ మోకు తెగింది!"

"గట్లనా? చాయ్ తాగుదామని ఆగి ఎనకకు సూస్తె మీరు లేరు. మనసు మార్చుకున్నరేమో అనుకున్న."

ముడి వేసి మళ్లీ లాగాడు. ఈసారి నేను కళ్లు మూయకుండా మోకునే చూస్తూ కూర్చున్నాను. మునగాల నాకా దగ్గరికి రాగానే లారీ ఆగింది. మిస్త్రీ దిగి తీరికగా మోకు విప్పుకుని చుట్టసాగాడు.

"ఇదేంది? కోదాడ ఇంకా దూరముంది గద!" అన్నాడు చిన్నాయన.

"నా పర్మిటు గీడి దాకనే సార్. అవతల మద్రాసోళ్ల జాగ."

"మరి ముందుగల్ల చెప్పొద్దా?"

"మీరు అడగలె. లాగాలె అన్నరు, లాగిన."

లారీ వెనక్కి తిరిగింది. చిన్నాయన కోర్టులో వాడే మాటలన్నీ దాని వెనకాల వాడాడు. నేను నీడల వైపు చూశాను. అవి పొడుగవుతున్నాయి.

నాకా పక్కన ఒక ముసలాయన నాగలి విప్పి ఎడ్లకు నీళ్లు తాగిస్తున్నాడు. సంగతంతా విని, మోటరు ముందర నిలబడి తల గోక్కున్నాడు. "దీనికి నొగ లేదు గద దొరా, కాడి ఏడ కట్టాలె?" అన్నాడు. చివరికి తాళ్లతో ముందరి ఇనుప కమ్మీకి కట్టేశాడు. తాను ఇంజను మూత మీదికెక్కి, పగ్గాలు పట్టుకుని కూర్చున్నాడు. చిన్నాయన చక్రం దగ్గర, నేను వెనకాల. ఎడ్లు నాలుగడుగులు వేశాయో లేదో నాకా మున్షీ అద్దాలు సర్దుకుంటూ అడ్డం వచ్చాడు.

"ఇది మోటరా, బండా?"

"కనబడ్తలేదా? మోటరు" అన్నాడు చిన్నాయన.

"మోటరైతే ఎడ్లు సరుకు. ఎడ్లను సరిహద్దు దాటించొద్దు."

"అయితే బండి అనుకో."

"బండైతే, బండి మీద మోటరు ఎక్కించుకపోతున్నరా? దానికి వేరే హుకుం కావాలె."

ముసలాయన పగ్గాలు వదలకుండానే అందుకున్నాడు: "ఓ సారూ, నా ఎడ్లు దినాం అవతలనే మేస్తయి. ఏనాడన్న అడిగినవా?"

"మేసేటప్పుడు అవి పశువులు. లాగేటప్పుడు సామాను" అన్నాడు మున్షీ. తర్వాత అతనికే అనుమానం వచ్చినట్టుంది, గొంతు తగ్గించి, "నేనేం చెయ్యాలె? కొత్త హుకుం రాలె, పాత హుకుం పోలె. రేపు పైనుంచి ఎవలన్న అడిగితే నా నౌకరీ ఖతం" అన్నాడు.

అతని మీద నాకు జాలి వేసింది. అందరిలాగే అతనూ తికమకలోనే ఉన్నాడు. చిన్నాయన అక్కడితో ఊరుకుంటే ఏమయ్యేదో తెలియదు. ఆయన ఊరుకునే మనిషి కాదు. కండువా సర్ది, జడ్జి ఎదుట నిలబడ్డట్టు నిలబడి, "మున్షీ సాబ్, ఈ ఎడ్లు అమ్మకానికి పోతలేవు. పోయి, మళ్ల వస్తయి. పోయి వచ్చేదానికి కానూన్ల జమానతు అని ఒకటున్నది. మంచి పేరున్న మనిషిని జమానతు వెట్టుకుని ఇడిసిపెట్టొచ్చు" అన్నాడు.

మున్షీ ముఖం వెలిగిపోయింది. "మంచి మాట చెప్పిన్రు! మరి మంచి పేరున్న మనిషి ఈడ మీరే గద. కూసోండి" అని తన స్టూలు తుడిచి వేశాడు.

చిన్నాయన మా ముగ్గురినీ లెక్క చూశాడు. ముసలాయన జమానతు ఉంటే ఎడ్లను తోలేవాడు లేడు. నేను ఉంటే కోదాడ పోవడమే దండుగ. కానూను ప్రకారం చూసినా మిగిలింది ఆయనే. నా దగ్గరికి వచ్చి మెల్లగా, "వాపసు పోదామా బిడ్డా? ఒక్కదానివి ఎట్ల పోతవ్? మీ బాపుకు నేనేం చెప్పాలె?" అన్నాడు. ఆ మాటకు తల ఊపితే సరిపోయేది. ఇంటికి పోయేదాన్ని, ఆ ముచ్చట అక్కడితో ముగిసేది. ఎందుకో తల ఊగలేదు.

"పోతా చిన్నాయనా" అన్నాను.

"ఏమన్నది?" అన్నాడు మున్షీ, వినపడక.

"పోతనన్నది" అన్నాడు ముసలాయన. "నా మనుమరాలంత ఉంది దొరా. పరేషాన్ గావొద్దు. కోదాడల దింపి ఎడ్లను తెస్త, నిన్ను ఇడిపిస్త."

అట్లా నేను మోటరు చక్రం పట్టుకున్నాను. "ఎటు తిప్పితే అటు పోతది" అని చిన్నాయన స్టూలు మీద నుంచే చెప్పాడు. అది అబద్ధం. ఎడ్లు ఎటు పోతే అటు పోయింది. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. పెళ్లి ఊరేగింపు అనుకుని ఒకాయన చెప్పులు విడిచి పక్కకు జరిగాడు. గడ్డి మోపు ఎత్తుకున్న ఒకామె, "మొగుడేడి?" అని అడిగింది. "మొగుడు గాదు, చిన్నాయన. నాకాల ఉన్నడు" అని ముసలాయన చెప్పాడు. ఆమె మోపుతో సహా ఆలోచనలో పడిపోయింది.

కొంత దూరం పోయాక ముసలాయన వెనక్కి తిరిగి అడిగాడు: "బిడ్డా, ఈ మోటరుకు మేత ఏంది?"

"పెట్రోలు తాతా."

"అయిపోయిందా?"

"లేదు, ఉంది."

"మేత ఉండి గూడ నడుస్తలేదా? మస్తు పొగరున్నది దీనికి" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోబోతే మోచేయి జారి రబ్బరు బుడ్డి మీద పడింది. భోం మని మోగింది. ఎడ్లు ఆ చప్పుడు పుట్టిన తర్వాత ఎన్నడూ విని ఉండవు. తోకలెత్తి పరుగందుకున్నాయి. వకీలు గారి మోటరు సొంత ఇంజనుతో కూడా ఎన్నడూ అంత వేగంగా పోయి ఉండదు. ముసలాయన తలపాగా ఎగిరి వచ్చి నా ఒడిలో పడింది. ఎడ్లు నెమ్మదించాక ఆయన ఊపిరి పీల్చుకుని, దిగిపోతున్న పొద్దు వైపు చూసి, నా వైపు చూసి, "ఇంకొక్కపారి కొట్టు బిడ్డా" అన్నాడు.

కొట్టాను. (చాలాసార్లు కొట్టాను.) రెండో నాకా ఎప్పుడు దాటామో నాకు తెలియదు. ఎవరో కర్ర ఎత్తి "ఏయ్" అనడం మాత్రం దుమ్ములోంచి వినిపించింది.

బడి ముందర కారు నిలబడి ఉంది. గొడుగు పట్టుకుని ఒకావిడ దాని మెట్టు మీద కాలు పెట్టబోతున్నారు. మా హారను విని అట్లాగే ఆగిపోయారు. నేను దిగి, ముసలాయన తలపాగా చేత్తో పట్టుకునే నమస్కారం పెట్టాను.

"ఇంత ఆలస్యమా? అందరినీ చూసేశాను. నీతో పెద్దవాళ్లెవరొచ్చారు?" అన్నారు ఇన్‌స్పెక్ట్రెస్.

"మా చిన్నాయన."

ఆవిడ ఇంజను మూత మీద ఉన్న ముసలాయనను చూశారు. "వీరా?"

"కాదండి, ఈ తాత ఎడ్లవి... ఎడ్లు తాతవి. మా చిన్నాయన ఎడ్లకు జమానతు."

"ఎడ్లకు మనిషి జమానతా? ఎక్కడ?"

"మద్రాసు సరిహద్దులోనండి."

"సూర్యాపేట నుంచి కోదాడ రావడానికి మద్రాసు ఎందుకెళ్లారు?" ఆవిడ కొత్తగా వచ్చినవారట. మిర్యాలగూడ నుంచి వచ్చే దారిలో ఈ గొడవ ఉండదు. "ఒక్క ముక్కా అర్థం కావడం లేదమ్మా. చీకటి పడేలోగా నేను పోవాలి" అని మళ్లీ మెట్టు మీద కాలు పెట్టారు.

మాట రానప్పుడు రాసుకోవడం ఒక్కటే నాకు తెలిసిన పని. వరండాలో గోడకు ఆనించిన నల్లబల్ల కనిపించింది. ఆవిడ అనుమతి కూడా అడగకుండా పోయి సుద్దముక్క తీసి పెద్ద సున్నా చుట్టాను. "ఇది జొన్నరొట్టె అనుకోండి" అన్నాను. ఇంటికి పోకుండా తచ్చాడుతున్న ఆడపిల్లలు చుట్టూ మూగారు. నడుమ చిన్న సున్నా పెట్టి, "ఇది రొట్టెల పడ్డ చిల్లు. చిల్లు మద్రాసోళ్లది. మనం ఈ అంచు నుంచి ఆ అంచుకు పోవాలంటే చిల్లుల దిగి ఎక్కాలె" అన్నాను. నాకాలు గీశాను, లారీ ఆగిన చోటు గీశాను, ఎడ్లు గీశాను. (ఎడ్లు కుందేళ్లలాగా వచ్చాయి.) ఇన్‌స్పెక్ట్రెస్ గొడుగు మూసి దగ్గరికి వచ్చారు.

"అక్కా, మరి చిన్నాయన ఏడున్నడు?" అని అడిగింది ముందర నిలబడ్డ పిల్ల.

చిల్లు అంచున ఒక చుక్క పెట్టాను.

"ఆయనకు అన్నం ఎవలు పెడ్తరు?"

అప్పుడు గుర్తుకొచ్చింది, అమ్మ ఇద్దరికీ కట్టిచ్చిన సద్ది మోటరులోనే ఉండిపోయింది. "అయ్యో, సద్ది నేనే తెచ్చిన!" అని గట్టిగా అరిచాను. పిల్లలంతా పకపకా నవ్వారు. ముసలాయన నవ్వాడు. నాకు సిగ్గు రావలసిన సమయం అది. ఎందుకో ఇంకా రాలేదు.

ఆనాటి నేను అనే ఆ పిల్ల ఇప్పుడు కళ్ల ముందు నిలబడితే నవ్వొస్తుంది. ముఖం నిండా దుమ్ము, ఒక చేతిలో సుద్ద, ఇంకో చేతిలో ఎవరిదో తలపాగా. తాను ఏం చేస్తున్నదో ఆమెకే తెలియదు. ఆమెను పిలిచి, ఏం పర్వాలేదు, అట్లానే కానీ అని చెప్పాలనిపిస్తుంది.

ఇన్‌స్పెక్ట్రెస్ నల్లబల్ల మీది చుక్కను గొడుగు కొసతో తాకి, నా వైపు తిరిగారు.

"పాఠం అర్థమైందమ్మా. ముందు పోయి మీ చిన్నాయనను విడిపించుకో. సోమవారం వచ్చి చేరు."