తల్లిదండ్రుల వరుసలో లైల్

లైల్ హోక్‌స్ట్రా పాల ట్యాంకర్ నడుపుతాడు. అయోవా రాష్ట్రంలో మా ఊరి చుట్టూ ఉన్న డెయిరీ ఫారాలన్నీ తిరిగి, పాలు ఎక్కించుకుని ఫ్యాక్టరీలో దింపుతాడు. తెల్లారకముందే ఇల్లు వదిలితే మళ్ళీ చీకటి పడే వేళకే రావడం. భార్య ట్రిష్ రెండేళ్ళ కిందట ఇంకో మనిషితో అరిజోనా వెళ్ళిపోయింది. "చదువు అయ్యేదాకా వాడు నీ దగ్గరే ఉంటాడులే" అని కొడుకు కోల్బీని వదిలేసి వెళ్ళింది.

కోల్బీ లైల్‌కి పుట్టినవాడు కాదు. లైల్ ట్రిష్‌ని చేసుకునేసరికి వాడింకా బూట్ల తాళ్ళు కట్టుకోలేని పిల్లాడు. ఆ ముడి వేయడం లైలే నేర్పాడు. సైకిలూ, కుస్తీ పట్లూ లైలే నేర్పాడు. దత్తత మాట మాత్రం ఎవరికీ తోచలేదు. ఒకే బల్ల దగ్గర తింటున్నప్పుడు అదెందుకు అనుకున్నారు.

చలికాలం వచ్చిందంటే మా ఊళ్ళో కుస్తీ తప్ప ఇంకో మాట ఉండదు. బడిలో ఆఖరి ఏడాది పిల్లలకి, సొంత జిమ్‌లో చివరి పోటీనాడు ఒక మర్యాద జరుగుతుంది. ఒక్కో కుర్రాడు అమ్మానాన్నల మధ్య నడుస్తూ చాప మీదికొస్తాడు. మైకులో ముగ్గురి పేర్లూ చదువుతారు. వాడు అమ్మకి పువ్విచ్చి, నాన్నని కావలించుకుంటాడు. ఆ నడక కోసం లైల్ ఏళ్ళుగా ఎదురు చూస్తున్నాడు. ఇంకేదీ కావాలని అడగని మనిషి. మైకులో కోల్బీ పేరు పక్కన తన పేరు ఒక్కసారి వినబడితే చాలు.

మా అమ్మ పనిచేసే కాఫీ హోటల్‌కి కొత్త చొక్కా వేసుకొచ్చాడొకరోజు, సరిపోయిందా అని అడగడానికి.

"ఏంటయ్యా లైల్, పెళ్ళికొడుకులా ఉన్నావ్!" అంది అమ్మ.

"పెళ్ళికి కూడా కొత్త చొక్కా వేసుకోలేదు నేను."

"అందుకే నిలవలేదు!" అన్నారెవరో వెనక బల్ల దగ్గర్నుంచి. అందరూ నవ్వారు. లైల్ కూడా నవ్వాడు.

ఇంట్లో కోల్బీతోనూ అదే ధోరణి. "పువ్వు ఎవరికిస్తావురా మరి? నాకే ఇచ్చెయ్, ట్యాంకర్‌లో అద్దానికి కట్టుకుంటా."

"సర్లే లైల్, ఇస్తాలే" అన్నాడు కోల్బీ, తలెత్తకుండా తింటూ.

ఆ జనవరంతా పోటీలు బయట ఊళ్ళలోనే. ఇంకో డ్రైవర్ మంచు మీద జారి కాలు విరగ్గొట్టుకుంటే అతని రూటు కూడా లైల్ మీదే పడింది. ఒక్క పోటీకీ వెళ్ళలేకపోయాడు. కోల్బీ ఇంటికొచ్చి ఒకరోజు గెలిచానంటాడు, ఇంకోరోజు ఓడిపోయానంటాడు. ఓడిన రోజు లైల్ వాడి భుజాలకి మందు రాసి, "పోన్లేరా, వచ్చేవారం చూపిద్దాం" అనేవాడు.

పోటీ సాయంత్రం నేను జిమ్ గుమ్మం దగ్గర టికెట్లు చింపుతున్నాను. లైల్ ఎప్పట్లాగే పిల్లలందరికీ చాక్లెట్ పాల క్రేటు మోసుకొచ్చాడు. అది కింద పెట్టి, చొక్కా సర్దుకుని, వరండాలో తల్లిదండ్రుల వరుసలో చివర నిలబడ్డాడు. ముందున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకావిడ గోడకున్న ఫొటోల కింద పేర్లు చదవడం మొదలెట్టింది.

కోచ్ బ్రెమర్ వచ్చి అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "లైల్, ఇటు రా ఒక్క నిమిషం. ట్రిష్ నీకేం చెప్పలేదా?"

"ఏం చెప్పాలి?"

"కోల్బీ టీంలో లేడు. మార్కులు తగ్గాయని పక్కన పెట్టాల్సొచ్చింది. ఇక అప్పట్నుంచి బడికే రావట్లేదు. ఆఫీసువాళ్ళు ఫోన్ చేస్తూనే ఉన్నారు."

"ఎవరికి?"

"వాళ్ళమ్మకి."

"అరిజోనాకా? వాడు పడుకునేది నా ఇంట్లో, బ్రెమర్!"

"నీకు తెలిసే ఉంటుందనుకున్నాం."

ఊరంతా అదే అనుకుంది. తెలీదేమోనన్న అనుమానం వచ్చినవాళ్ళు కూడా, కన్నతండ్రి కాని మనిషితో ఆ మాటెలా ఎత్తడం అని మర్యాదకి పోయి ఊరుకున్నారు.

లైల్ పాల క్రేటు అక్కడే వదిలేసి బయటికి నడిచాడు. పార్కింగ్‌లో చివర కోల్బీ పికప్ ఉంది, అద్దాలు ఆవిరి పట్టి. లైల్ తలుపు తీసి పక్కన కూర్చున్నాడు. నేను గాజు తలుపులోంచి చూశాను. ఏం మాట్లాడుకున్నారో తర్వాత లైలే మా అమ్మకి చెప్పాడు.

"పొద్దున్నే బ్యాగు తగిలించుకుని ఎక్కడికెళ్ళేవాడివిరా?"

"ధాన్యం గోదాముల వెనక. బండిలోనే కూర్చునేవాణ్ణి."

"నాకు చెప్పొచ్చుగా."

"అమ్మ వెళ్ళేటప్పుడే అంది, లైల్‌కి నిన్ను చూసుకోవడం చేతకాకపోతే ఇక్కడికొచ్చెయ్ అని. బడివాళ్ళ ఫోన్లు అమ్మ ఎత్తదు. నీకు తెలిస్తే నువ్వు అమ్మకి ఫోన్ చేస్తావ్. అమ్మ నన్ను తీసుకుపోతుంది." మళ్ళీ అన్నాడట, "నువ్వు చొక్కా కూడా కొనేశావ్ లైల్. ఏమని చెప్పను?"

సోమవారం లైల్ పని మానేసి బడికెళ్ళాడు. సమ్మర్ లోపు వాణ్ణి గట్టెక్కిస్తానని చెప్పడానికి. ఆఫీసులో అమ్మాయి మర్యాదగానే అడిగింది, "మీరు కోల్బీకి ఏమవుతారండీ?"

"వాడు మా ఇంట్లోనే ఉంటాడు" అన్నాడు లైల్. కోల్బీ తల్లితోనే మాట్లాడాలంది ఆ అమ్మాయి. లైల్‌కి ట్రిష్‌కి ఫోన్ చేయక తప్పలేదు. కోల్బీ భయపడ్డట్టే అయింది. ఆ వారాంతంలోనే ట్రిష్ వచ్చి, "ఒక్క పిల్లాణ్ణి చూసుకోలేకపోయావ్" అని వాణ్ణి కారెక్కించుకుంది. లైల్ వాడి బ్యాగు డిక్కీలో పెట్టి, బూట్ల తాళ్ళు ఊడున్నాయని చూపించాడు. కోల్బీ వంగి కట్టుకున్నాడు.

ఇప్పుడు ఆదివారాలు లైల్ ఫోన్ చేస్తాడు.

"బడికెళ్తున్నావా?"

"వెళ్తున్నా లైల్."

అది నిజమో కాదో అక్కడి బడికి ఫోన్ చేసి కనుక్కోమంది మా అమ్మ. లైల్ కాఫీ కప్పు తిప్పుతూ కూర్చున్నాడు.

"మీరేమవుతారని అడుగుతారు" అన్నాడు.