గొళ్ళెం పెట్టిన మధ్యాహ్నం

పదిహేనేళ్ల కాపురంలో భార్గవి మొగుడికి ఎదురు చెప్పింది ఒక్కసారే. ఆ ఒక్కసారికే గోవిందరాజులు ఇవాళ్టికీ ఆమెతో సరిగ్గా మాట్లాడడు. మాట్లాడకపోతే పీడా పోయిందని ఆమె అనుకుంటుంది.

పెద్దపంజాణి దగ్గర పల్లె వాళ్లది. మదనపల్లె మార్కెట్లో టమోటాకు రేటొచ్చిన ఏడాది గోవిందరాజులు మిద్దె కట్టాడు. కన్నబిడ్డ మీద కంటే ఆ మిద్దె మీదే ఆయనకు మురిపెం ఎక్కువ.

మొన్న ఆషాఢంలో వారం రోజుల్లో నాలుగుసార్లు భూమి కదిలింది. మొదటిసారి కదిలినప్పుడు వాళ్ల కూతురు, పదకొండేళ్ల చాందిని, ఇంట్లో ఒక్కతే ఉంది. అటక మీది గిన్నెలు మీద పడ్డాయి. తలుపు బిగుసుకుపోయింది. పక్కింటివాళ్లు వచ్చి లాగేదాకా పిల్ల లోపలే అరుస్తూ ఉండిపోయింది.

ఊరంతా వారం రోజులు వీధిలో పడుకుని, ఆ తర్వాత మంచాలు లోపలికి చేర్చుకుంది. చాందిని మాత్రం లోపలికి పోలేదు. చెప్పులు తొడుక్కునే పడుకునేది. స్నానానికి పోతే తలుపు వెయ్యనిచ్చేది కాదు. గడప మీద గ్లాసు నిండా నీళ్లు పెట్టి, అవి కదులుతున్నాయేమోనని గంటల తరబడి చూసేది. "తొందర పెట్టొద్దమ్మా, టైం పడతాది," అని బడిలో టీచరమ్మ భార్గవికి చెప్పి పంపింది.

గోవిందరాజులుకు ఇదంతా ఒళ్లుమంట. "సదువు ఎగ్గొట్టేదానికి యేసాలు. ఊళ్లో అందరూ నవ్వతాండారు," అని చిందులు తొక్కేవాడు. తను మాత్రం ఆ వారం నుంచీ తోట దగ్గరే పడక. మోటారుకు కాపలా అట! పదేళ్లుగా లేని దొంగలు సరిగ్గా ఆషాఢంలోనే పుట్టుకొచ్చారు. భార్గవికి సంగతి తెలుసు. మగవాడి పరువు కదా అని నోరు మూసుకుంది. అలా మూసుకున్నందుకు తన మీద తనకే ఇప్పటికీ కడుపు మండుతుంది.

మూడు నెలలు గడిచాయి. ఓ మధ్యాహ్నం ఆమె టమోటా కోత ముగించుకుని వచ్చేసరికి మొగుడు అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. తలుపుకు బయట గొళ్ళెం పెట్టి ఉంది.

"పాప యాడ?"

"లోపలుండాది. గంటసేపు అరిసింది. ఇప్పుడు గమ్మునుండాది. బయం పొయినట్లే."

భార్గవి గొళ్ళెం తీసింది. తలుపు వెనకే చాందిని ముడుచుకుని కూర్చుని ఉంది. గౌను తడిసిపోయింది. తలుపు గీకీ గీకీ గోళ్ల దగ్గర నెత్తురు వచ్చింది. తల్లిని చూసి ఏడవను కూడా లేదు. భార్గవి బిడ్డను ఎత్తుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టింది. మొగుడి వైపు తిరిగింది.

"పో, నువ్వు పొయ్యి లోపల కూర్చో. గొళ్ళెం నేను పెడతా."

"ఒళ్లు కొవ్వెక్కిందా మే?"

"గంట వద్దు, పది నిమిషాలు కూర్చో. మూడు నెల్లుగా ఈ మిద్దె కింద ఒక్క కునుకు తియ్యకపోతివే, యాల? మోటారు కాపలానా? ఆ మోటారు కాలిపొయ్యి, నెల దినాలుగా పుంగనూరు రిపేరు షాపులో పడుండాది. తోట కాడ దేన్ని కాస్తాండావు?"

గోవిందరాజులు చెయ్యెత్తుకుని లేచాడు. భార్గవి కదల్లేదు. తెరిచిన తలుపు వైపు చూపించి, "పో," అంది మళ్లీ. ఆయన గడప దాకా వెళ్లాడు. కాలు లోపల పెట్టలేకపోయాడు.

చాందిని తండ్రినే చూస్తోంది.

"నీకూ బయమేనా నాయనా?" అని అడిగింది. "మరి నేను అంతగా పిలస్తాంటే తలుపు యాల తియ్యలా?"