మైకమ్మ మాట వినని పిడుగు

ఇరవై రెండేళ్లుగా ఆ బస్‌స్టేషన్లో మైకు ముందు కూర్చుంటున్నది ఒకే మనిషి. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. డ్రైవర్లకీ, కండక్టర్లకీ, క్యాంటీన్‌వాళ్లకీ, ఆఖరికి కట్టుకున్న భర్తకీ కూడా ఆమె మైకమ్మే.

అద్దాల గదిలో ఒక కుర్చీ, ఒక బల్ల, బల్ల మీద మెడ వంచుకున్న మైకు, గోడకి బస్సుల వేళల పట్టిక. ఆ కుర్చీలోంచి లేవకుండానే ఆమె "ప్రయాణికులకు గమనిక. ఐదో నంబరుకు రావలసిన బస్సు ఏడో నంబరు ప్లాట్‌ఫాం మీదకు వచ్చును" అని మూడుసార్లు చెప్పేది. అంతే, మూటలూ ముల్లెలూ చంకలోని పిల్లలతో సహా వందమంది బిలబిలా ఏడో నంబరుకి పరుగెత్తేవారు. ఇంతమందిని ఒక్క మాటతో కదిలించగలగడం అందరికీ అబ్బే విద్య కాదని ఆమెకి లోలోపల కాస్త గర్వం. కాస్త అనడం మర్యాద కోసం. చాలానే ఉండేది.

ఆమెకి యాభయ్యో ఏడు వచ్చాక ఇంటికి కుక్కపిల్ల వచ్చింది.

పక్కింటి టీచరమ్మ పెంచుకునే కుక్క ఐదు పిల్లల్ని పెట్టింది. నాలుగింటిని ఎవరెవరో పట్టుకుపోగా మిగిలిన ఐదోది ఇది. గోధుమరంగు ఒళ్లు, ఒక చెవి నిక్కి, ఇంకో చెవి వాలి ఉండేది. వచ్చిన రోజు సాయంత్రానికల్లా ఒక చెప్పునీ, ఒక చార్జరు తీగనీ, ఒక గోడ గడియారం ముల్లునీ నమిలేసింది. ముల్లు మైకమ్మ భర్తది. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ఇంటి ముందుగదే ఆయన కొట్టు. పొద్దస్తమానం కంటికి భూతద్దం తగిలించుకుని, బుల్లి చక్రాల మీదకి వంగి ఉంటాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ రోజు వాటిలో మూడు ఖర్చుపెట్టాడు.

"పిల్ల కాదే, పిడుగు."

పేరు అలా స్థిరపడిపోయింది.

ఆరు నెలలు వచ్చేసరికి పిడుగు హాల్లో చక్కగా మాట వినేది. "కూర్చో" అంటే కూర్చునేది. "ఆగు" అంటే అన్నం గిన్నె ముందు కూడా చొంగ కార్చుకుంటూ ఆగేది. "రా" అంటే జారే గచ్చు మీద నాలుగు కాళ్లూ నాలుగు వైపులా పోతున్నా వచ్చేది. ఇంటికి వచ్చినవాళ్లెవరూ ఈ ప్రదర్శన చూడకుండా టీ కప్పు అందుకున్న పాపాన పోలేదు.

"ఏం చేసి నేర్పారండీ?" అని టీచరమ్మ అడిగింది.

"ఏముందండీ, అంతా గొంతులో ఉంటుంది" అంది మైకమ్మ, తేలిగ్గా చెప్పినట్టు కనపడడానికి చాలా కష్టపడుతూ.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట గెలవగానే రచ్చ కూడా గెలిచినట్టేనని మైకమ్మ అనుకుంది. గేటు దాటి పార్కులోకి అడుగుపెట్టిన మొదటి రోజే ఆ లెక్క తప్పింది. పిడుగు గాలిలో ముక్కు పెట్టింది. అక్కడ గడ్డి ఉంది, ఉడతలు ఉన్నాయి, బంతి ఆడే పిల్లలు ఉన్నారు, పళ్లు తింటున్న ముసలాయన ఉన్నాడు. మైకమ్మ కూడా ఉంది కానీ, ఆమెని రోజూ చూస్తూనే ఉంటుంది కదా. "కూర్చో" అంది. పిడుగు ఉడత కేసి చూసింది. "కూర్చో, కూర్చో" అంది. పిడుగు పళ్ల ముసలాయన కేసి లాగింది. "కూర్చోమంటున్నానా?" అని ఆమె గొంతు పెంచేసరికి, పాపం ఆ ముసలాయనే బెంచీ మీద కాస్త పక్కకి జరిగి కూర్చున్నాడు.

కూరగాయల బజారులో ఇంకా ఘోరం. అక్కడ ఆమె ఎనిమిదిసార్లు "రా" అంది. తొమ్మిదోసారికి టమాటాలు అమ్మే ఆమె, "అక్కా, అది చెవిటిదా?" అని జాలిగా అడిగింది. చెవిటిది కాదని చెప్పడం కన్నా అవునని చెప్పడమే పరువుగా ఉంటుందనిపించి మైకమ్మ తల ఊపింది. సరిగ్గా అప్పుడే నాలుగు కొట్ల అవతల ఎవరో బిస్కెట్ పొట్లం విప్పారు. ఆ చప్పుడుకి పిడుగు రెండు చెవులూ లేచి నిలబడ్డాయి. టమాటాల ఆమె మరి ఏమీ అడగలేదు.

ఇంత జరిగినా, క్యాంటీన్లో మాత్రం మైకమ్మ గొప్పలు తగ్గలేదు. సిపాయిలా మాట వింటుందని చెప్పడం అలవాటైపోయింది, అలవాటు మానడం కష్టం. "ఓసారి తీసుకురండి మరి, చూద్దాం" అన్నారు కండక్టర్లు. ఎన్నిసార్లని దాటేస్తుంది? పిడుగుకి పది నెలలు నిండిన వారంలో, తన సెలవు రోజున, దానికి శుభ్రంగా స్నానం చేయించి మెడకి కొత్త పట్టీ కట్టి తీసుకెళ్లింది.

ఆ రోజు మైకు డ్యూటీలో ఇంకో అమ్మాయి ఉంది. "రెండు నిమిషాలు చూసుకోండి మేడం, టీ తాగొస్తా" అని ఆ అమ్మాయి లేచి వెళ్లింది. మైకమ్మ తన కుర్చీలో తాను కూర్చుని, పిడుగు తాడు కుర్చీ కోడుకి కట్టింది. అద్దాల అవతల కండక్టర్లు ముగ్గురు చేతులు కట్టుకుని చూస్తున్నారు. "కూర్చో" అంది మైకమ్మ. పిడుగు కూర్చుంది. ఆమె అద్దం వైపు తిరిగి చూసిన చూపు ఉంది చూశారూ, ఆ చూపు తలచుకుంటే ఆమె ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతుంది.

అదే క్షణాన మూడో నంబరు దగ్గర బస్సు వెనక్కి తీయిస్తూ ఎవరో గట్టిగా విజిల్ ఊదారు. పిడుగు ఒక్క గుంజు గుంజింది. కొత్త పట్టీ వదులుగా ఉందేమో, తలలోంచి జారిపోయింది. పిడుగు తలుపు సందులోంచి బాణంలా పోయింది.

ఒక బస్సు వెనక్కి వస్తోంది, ఇంకోటి ముందుకి పోతోంది, ఆ చక్రాల మధ్య గోధుమరంగు తోక ఒకటి తిరుగుతోంది. మైకమ్మకి లేచి పరుగెత్తాలన్న ఆలోచనే రాలేదు. ఇరవై రెండేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే మైకు మీదకి పోయింది.

"పిడుగు గమనిక. పిడుగు వెంటనే వెనక్కి రావలెను. పిడుగు ఐదో నంబరు ప్లాట్‌ఫాం మీదకు వచ్చుచున్నది. పిడుగు, కూర్చో. కూర్చో. కూర్చో."

ఐదో నంబరు దగ్గర ఉన్నవాళ్లు ఒకసారి ఆకాశం కేసి చూసి, సామాన్లు ఎత్తుకుని రేకుల కిందకి పరుగు తీశారు. పరుగెత్తలేని నలుగురు ముసలివాళ్లు, చెప్పింది మైకమ్మ కదా అని, ఉన్నచోటే కింద కూర్చున్నారు. మొత్తం బస్‌స్టేషన్లో ఆమె మాట చెవిని పెట్టనిది పిడుగు ఒక్కటే.

దాన్ని ఆపింది ప్లాట్‌ఫాంలు ఊడ్చే పెద్దమ్మ. ఆమె చీపురు పక్కన పెట్టి, పిడుగుకి ఎదురుగా కాకుండా కాస్త పక్కగా వంగి, "ఏయ్, ఇటు" అని ఒక్కసారి అంది. అరవలేదు. తర్వాత నోరు మూసుకుని, చేతిలో రొట్టెముక్కో ఏదో ఉన్నట్టు గుప్పిట చూపించింది. పిడుగు ఆగి, చూసి, వెళ్లి గుప్పిట వాసన చూసింది. పెద్దమ్మ దాన్ని చంకన వేసుకుని అద్దాల గదికి తెచ్చింది.

"ఏమనుకోవద్దమ్మా" అంది ఆమె, పిడుగుని మైకమ్మ ఒళ్లో దింపుతూ. "మీరు ఏదైనా మూడుసార్లు చెప్తారు. మూడోసారికి గానీ ఎవరూ లేవరు. ఇన్నేళ్లుగా ఇక్కడే ఉన్నా, మొదటిసారి మీరేం చెప్తారో నేనూ వినను. కుక్క మాత్రం ఎందుకు వింటుంది?"

"ఇంట్లో వింటుంది పెద్దమ్మా."

"ఇంట్లో ఇంకేం పని ఉంది దానికి?"



మర్నాడు స్టేషన్ మేనేజరు రాతపూర్వకంగా సంజాయిషీ అడిగాడు. ఆమె రెండు కాగితాలు చింపి, మూడో కాగితం మీద "కుక్క నా మాట వినలేదు, నేను దానికి వినేలా చెప్పలేదు" అని రాసి ఇచ్చింది. మేనేజరు చదివి, నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగి, "సరే, ఇకమీదట జంతువుల్ని తేకండి" అన్నాడు.

ఆ ఆదివారం నుంచి మైకమ్మ మళ్లీ ఒకటో తరగతిలో చేరింది. హాల్లో వచ్చిన పాఠం వరండాలో రాదని, వరండాలో వచ్చింది గేటు దగ్గర రాదని అప్పుడు తెలిసింది. చోటు మారినప్పుడల్లా మొదట్నుంచీ మొదలుపెట్టేది. జేబులో ఉడికించిన గుడ్డుముక్కలు, చేతిలో పొడుగు తాడు. మాట ఒక్కసారే. రెండోసారి అనాలని నాలిక దురద పెట్టేది. పెదవులు బిగించుకుని నిలబడితే, చూసిన టీచరమ్మ పన్ను నొప్పేమో అనుకుని డాక్టరు నంబరు ఇచ్చింది. గేటు దగ్గర పాఠానికి భర్త సాయపడ్డాడు. అలారం గడియారాలు మూడు తెచ్చి, ఒక్కోదాన్ని ఒక్కో మూల మోగించేవాడు. ఆ గణగణ మధ్య పిడుగు ఆమె కేసి చూడడానికి పదకొండు రోజులు పట్టింది. పార్కులో అయితే మొదట ఉడతలకి ఆమడ దూరాన నిలబడి, వారానికి నాలుగు అడుగులు దగ్గరికి జరిగేవారు.

ఆ ఊపులో ఆమె మైకులో కూడా ఒక్కసారే చెప్పి చూసింది. ఒక్క రోజులో పదిహేడు మందికి బస్సులు తప్పిపోయాయి. మేనేజరు మళ్లీ పిలిపించాడు. మర్నాటి నుంచి మనుషులకి మూడుసార్లు, కుక్కకి ఒకసారి.

నాలుగు నెలలకి ఆమె పిడుగుని కూరగాయల బజారుకి తీసుకెళ్లింది. సందు మలుపులో పిల్లి ఒకటి, మేకలు రెండు, ఎదురుగా రొట్టె నములుతున్న పిల్ల. మైకమ్మ మామూలు గొంతుతో "ఆగు" అంది, ఒక్కసారే. పిడుగు ఒళ్లంతా పిల్లి వైపు వంగింది. కానీ కాళ్లు ఆగాయి. తర్వాత మెల్లగా తల తిప్పి ఆమె మొహంలోకి చూసింది. మైకమ్మ ఆ సంతోషంలో గుడ్డుముక్క ఇవ్వడం మర్చిపోయింది. పిడుగు మర్చిపోలేదు. కాసేపు చూసి, జేబులో మూతి పెట్టి పొట్లంతో సహా తీసుకుంది.

ఇంటికి వచ్చి ఆయనకి చెప్పింది.

"ఎంతసేపు ఆగింది?" అన్నాడు ఆయన, భూతద్దం తీయకుండానే.

"ఉల్లిపాయలు తూచేంతసేపు."

"కిలోనా, అరకిలోనా?"

"అరకిలో" అని ఒప్పుకుంది మైకమ్మ.