సులువు అని రాసిన శిఖరం

తొంభైల్లో ఢిల్లీలో ఉద్యోగం చేసే రోజుల్లో నాకు కొండల పిచ్చి ఉండేది. ఆఫీసులో నాలాంటి వాళ్ళం పదిమందిమి కలిసి చిన్న క్లబ్బు పెట్టుకున్నాం. ఆదివారాలు ఫరీదాబాద్ దాటాక ఉన్న ఆరావళి బండల మీద తాడు కట్టుకుని ఎక్కడం నేర్చుకునేవాళ్ళం. సెలవులు దొరికితే హిమాచల్ బస్సెక్కేవాళ్ళం. ఎక్కివచ్చిన శిఖరాల వివరాలు రిజిస్టరులో రాసే పని నాది. సులువు, ఓ మాదిరి, కష్టం అని మూడే మాటల్లో తేల్చేసేవాణ్ణి. నా మాటకు తిరుగుండేది కాదు, అది నాకు కాస్త తలకెక్కింది కూడా.

మునిర్కాలో నేనుండే ఇంటి పై అంతస్తులో ముగ్గురు నర్సులు అద్దెకుండేవారు. వాళ్ళలో ఒంగోలు నుంచి వచ్చిన అమ్మాయి నన్ను అన్నయ్యా అని పిలిచేది, తనూ క్లబ్బులో చేరింది. ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక ఒక్కతే బస్సులో వచ్చి మమ్మల్ని కలిసేది. మేం అలిసిపోయి పరాఠాలు తింటూ ఉంటే, మేం వదిలేసిన బండను చకచకా ఎక్కేసేది. ఆమె కోరిక ఒకటే, నెలరోజుల పర్వతారోహణ శిక్షణకు వెళ్ళాలి. దానికి క్లబ్బు సిఫార్సు కావాలి. ముందు ఒక శిఖరం చూసి రా, తర్వాత సంతకం పెడతానన్నాను.

దసరా సెలవుల్లో క్లబ్బుతో హిమాచల్‌లోని ఓ శిఖరానికి బయల్దేరే ముందు, ఆమె రిజిస్టరులో దాని పేజీ తీసి చూసింది.

"సులువని రాశారు, బానే ఉంది. మరి జారితే ఎంత కిందకి పోతాం అన్నయ్యా?"

"అసలు జారితే కదా! నువ్వెక్కే బండల ముందు అదో లెక్కా?"

ఆమె అడిగింది లోతు గురించి, నేను చెప్పింది పట్టు గురించి. ఆ రెండూ వేరని నాకు తెలియక కాదు. అడుగు వేయడం ఎంత తేలికైనా, తప్పితే ప్రాణం దక్కని చోటు ఉంటుంది. మా క్లబ్బువాళ్ళు దాన్ని ఎక్స్‌పోజర్ అనేవాళ్ళు. రెండేళ్ళ కిందట అదే శిఖరం చివరి గట్టును నేను అటో కాలు ఇటో కాలు వేసి, కూర్చునే ఈడ్చుకుంటూ దాటాను. దిగొచ్చాక రిజిస్టరులో సులువు అని రాశాను. భయపడ్డానని రాయడానికి నామోషీ.

ఆ గట్టు మూరెడు వెడల్పు. రెండు పక్కలా శూన్యం. ఎక్కడో అడుగున కనిపించేవి మేకలో రాళ్ళో తెలియదు. సులువైన శిఖరానికి తాడెందుకని నేనే వద్దన్నాను. ఆమె మూడడుగులు వేసి కూర్చుండిపోయింది.

"నా వల్ల కాదన్నయ్యా. కాళ్ళు కదలట్లా."

వెనక ముగ్గురు ఆగిపోయారు. "క్యా హువా దీదీ?" అని ఒకడు అరిచాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఇంత పిరికిదానివి కొండలకెందుకొచ్చావమ్మా? ఆసుపత్రిలోనే ఉండాల్సింది!"

తెలుగులోనే అన్నా, నా గొంతు అందరికీ అర్థమైంది. ఆమె మెల్లగా వెనక్కి జరిగి బండకు ఆనుకుంది. ఆమె చూస్తోందని ఈసారి నేను నిలబడే దాటాను. అవతలి బండ అందగానే మాత్రం రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను.

ఢిల్లీ వచ్చాక రెండు వారాలు చూశాను, సిఫార్సు కోసం రాలేదు. చివరికి నేనే సంతకం పెట్టిన కాగితం పట్టుకుని పైకి వెళ్ళాను. కూర్చోబెట్టి టీ ఇచ్చింది గానీ కాగితం ముట్టుకోలేదు.

"వద్దులే అన్నయ్యా. అక్కడ నా మూలంగా ఇంకొకళ్ళ ప్రాణం మీదకొస్తే? మీరు అనుభవమున్నోళ్ళు, నేను పిరికిదాన్నని ఇట్టే కనిపెట్టారు. ముందే చెప్పి మంచి పని చేశారు."

వెక్కిరింపేమో అనుకుని ముఖంలోకి చూశాను. కాదు, మనస్ఫూర్తిగానే అంది. మొదటిసారి అక్కడ నేనూ పాకానమ్మా అన్న ఒక్క మాట నోటిదాకా వచ్చింది. మిగతా ఇద్దరు నర్సులూ నన్నో మొనగాణ్ణి చూసినట్టు చూస్తున్నారు.

"అచ్ఛా, నీ ఇష్టం" అని టీ తాగేసి దిగొచ్చేశాను.

ఆమె మళ్ళీ ఏ బండా ఎక్కలేదు. ఆదివారం పొద్దున నేను తాడు భుజాన వేసుకుని బయల్దేరుతుంటే, చర్చికి వెళుతూ మెట్ల మీద ఎదురయ్యేది. జాగ్రత్త అన్నయ్యా అనేది. అలాగేనమ్మా అనేవాణ్ణి.