మా మిద్దె మీద పుట్టిన మొదటి జీవం

పంతొమ్మిదేళ్ళ వయసులో మనకు తెలియని విషయాలు లోకంలో రెండో మూడో మిగిలి ఉంటాయనీ, వాటిని కూడా వచ్చే సెలవుల్లోగా తేల్చేయవచ్చనీ అనిపిస్తుంది. సూరత్‌లో బీఎస్సీ రెండో ఏడు చదువుతున్న ఆ రోజుల్లో నా వంతుకు మిగిలిన చిన్న పని ఏమిటంటే, భూమ్మీద జీవం ఎలా పుట్టిందో కనిపెట్టడం. (ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి గాని, అప్పుడు నిజంగా అంతే అనుకున్నాను.)

ఈ పిచ్చి అంటించింది మా మేడమ్. ఒకరోజు క్లాసులో ఆవిడ ఒక చిక్కుముడి వేశారు. ఒంట్లో పనులన్నీ చేసిపెట్టేవి ప్రొటీన్లు. ఏ ప్రొటీన్ ఎలా ఉండాలో రాసి దాచుకునేది డీఎన్‌ఏ. కానీ ఆ డీఎన్‌ఏకు నకలు తీయాలంటే మళ్ళీ ప్రొటీన్లే రావాలి. మరి మొట్టమొదట ఏది వచ్చినట్టు? మేమంతా బుర్రలు గోక్కుంటుంటే, వాటి మధ్య ఊరికే కబుర్లు మోసేదనుకున్న ఆర్‌ఎన్‌ఏ పేరు బోర్డు మీద రాశారు. అది రాతనూ మోయగలదు, కొన్ని పనులు తానే చేయగలదు, కాబట్టి ముందు అదే పుట్టి ఉంటుందని చాలామంది శాస్త్రవేత్తల ఊహ అన్నారు. ఎండుతూ తడుస్తూ ఉండే ఏ మడుగుల్లోనో చిన్న చిన్న ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని గొలుసులై ఉండవచ్చట. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

నెల తిరక్కుండా కాలేజీలో సైన్సు ప్రదర్శన వచ్చింది. బాగా చేసినవాళ్ళలో ఒకరిని వేసవిలో వడోదరలోని ఒక ప్రయోగశాలకు నెల రోజులు పంపుతామన్నారు. మా బాపు పర్వత్ పాటియా దగ్గర సాంచాలు (మరమగ్గాలకు తెలంగాణ నుంచి వలస వచ్చిన మావాళ్ళ మాట) నడిపేవాడు. నేను సంగతి చెప్పగానే మూతి బిగించి, "నెల దినాలు పరాయి ఊర్ల ఉండాల్నంటే, నువ్వు ఏం సదువుతున్నవో ముందుగాల నాకు సమజ్ గావాలె బిడ్డా. కార్ఖానల నలుగురు అడిగితె నేను ఏమని చెప్పాలె?" అన్నాడు. నేను వెంటనే, "జీవం ఎట్ల పుట్టిందో చేసి చూపిస్త బాపు" అన్నాను. నోరు జారిన మాట కాదు, ఛాతీ విరుచుకుని మరీ అన్న మాట.

మేడమ్ మాత్రం, అసలు ఆర్‌ఎన్‌ఏ ముక్కలు మనం కొనలేం, పూసల దండతో నమూనా చేసి చూపిస్తే చాలన్నారు. పూసలతో ఆగేదాన్నా నేను? మా మిద్దె మీద మూడు అల్యూమినియం బేసిన్లు పెట్టి, బంకమన్ను, ఉప్పు, మరిగించి చల్లార్చిన నీళ్ళు పోశాను. బలానికని మేడమ్‌కు తెలియకుండా కాస్త గంజి కూడా. ఎండలో పూర్తిగా ఎండనిచ్చి, మళ్ళీ తడిపి, మళ్ళీ ఎండనిచ్చి, పది రోజులు పసిబిడ్డను సాకినట్టు సాకాను. పదకొండో రోజు పొద్దున వెళ్ళి చూస్తే, ముందురోజు నీళ్ళు పోసిన బేసిన్‌లో సన్నగా, నల్లగా, మెలికలు తిరుగుతూ ఏవో ఈదుతున్నాయి!

ఆర్‌ఎన్‌ఏ గొలుసు నుంచి తలా తోకా ఉన్న ప్రాణి దాకా రావడానికి ఎన్నో కోట్ల ఏళ్ళు పట్టిందని నాకు తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా ఆ క్షణంలో, సూరత్ ఎండ మరి గట్టిది కదా అనుకున్నాను. నా కేకకు కింది వాటాలో ఉండే మా మేనత్త రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది.

"ఏందే గివి? పురుగులా?"

"పురుగులు గాదు అత్తా, జీవం! మన్ను, నీళ్ళు గలిస్తె పుట్టింది!"

అత్త చెంపలు వేసుకుని, బేసిన్‌కు దండం పెట్టి, తర్వాత ఫోను తీసి వీడియో తీసింది. అరగంటలో అది మా గల్లీ వాట్సాప్ గ్రూపులో ఉంది. కింద అత్త గొంతు: "మా కోడలు నీళ్ళల్ల జీవి పుట్టిచ్చింది, సూడుండ్రి." సాయంత్రానికి మా మిద్దె మీద తిరునాళ్ళే. బాపు కార్ఖానా నుంచి తనతో పనిచేసే జోడీదారులు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. బేసిన్ పక్కన నిలబడి, దగ్గరికి వచ్చిన ప్రతివాడికీ "జర దూరంకెల్లి సూడు" అని చెప్పిన తీరు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది.

మర్నాడు పొద్దున్నే తలుపు తట్టింది ఇళ్ళల్లో దోమల తనిఖీ చేసే మనిషి. వీడియో తిరిగి తిరిగి ఆయన ఫోనుకూ చేరింది మరి. మిద్దెక్కి, బేసిన్‌లోకి టార్చి వేసి, ఒక్క చూపు చూసి, అక్కా అన్నంత మర్యాదగా, "బెన్, యే తో మచ్ఛర్ కే బచ్చే హై" అన్నాడు.

దోమ పిల్లలు! నేను ఊరుకున్నానా? నీళ్ళు మరిగించాననీ, బేసిన్ పూర్తిగా ఎండిపోయిందనీ, అందులో ఏ ప్రాణీ బతికి ఉండే వీలే లేదనీ హిందీలో, గుజరాతీలో, కోపం ఎక్కువై తెలుగులో కూడా వాదించాను. ఆయన ఓపికగా విని, బేసిన్ అంచు మీద మసిచుక్కల్లా ఉన్నవి వేలితో చూపించాడు. ఈ జాతి దోమ నీటి అంచున గుడ్లు పెడుతుందట. ఎండినా అవి చావవట. నీళ్ళు తగలగానే పగులుతాయట. మూత లేని బేసిన్‌ను రోజూ ఎండబెట్టి తడుపుతూ వాటికి నేను రాజభోగాలు చేశానట. "ఇది సైన్సు ప్రయోగం" అన్నాను చివరి ఆయుధంగా. "యే భీ సైన్స్ హీ హై, బెన్" (ఇదీ సైన్సే) అని మూడు బేసిన్లూ ఎండిన నేల మీద బోర్లించి, అంచులు గట్టిగా తోమించి వెళ్ళాడు.

తోమింది బాపే. పనికి పోయే బట్టలతోనే కూర్చుని, పీచుతో అంచులన్నీ రుద్ది, బేసిన్లు ఎండకు ఆనించి, "రేపు కాలేజికి నేను రావాల్నా, వద్దా?" అని మాత్రం అడిగాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "రా బాపు" అన్నాను.

ఆ రోజంతా ఏడ్చి, సాయంత్రం పూసల దండ గుచ్చాను. చార్టు మీద జరిగింది జరిగినట్టు రాశాను: నా ప్రయోగంలో జీవం పుట్టలేదు, దోమలు పుట్టాయి, ఎందుకు పుట్టాయంటే ఇందుకు. మర్నాడు ప్రదర్శనలో నా బల్ల ముందు నవ్వనివాడు పాపాత్ముడు. పక్క బల్ల మీద వంటసోడాతో లావా కక్కే అగ్నిపర్వతం ఉండటంతో, జనం అటు వెళ్ళి చప్పట్లు, ఇటు వచ్చి పకపకలు.

బాపు ఇస్త్రీ చొక్కాతో వచ్చి, నవ్వకుండా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇగ చెప్పు" అన్నాడు. పూసలు చూపించి మేడమ్ వేసిన చిక్కుముడి చెప్పాను. రాసి ఉన్నది పని చేయలేదు, పని చేసేది రాసుకోలేదు, ఆర్‌ఎన్‌ఏ మాత్రం రెండూ చేయగలదు అన్నాను. బాపు వంగి పూసల దండను వేలితో తిప్పి చూశాడు.

"అంటే డిజైన్ అట్టలు గూడ అదే, సాంచా గూడ అదే అన్నట్టు." (బట్ట మీద ఏ పువ్వు నేయాలో సాంచాకు చిల్లులతో చెప్పేవి ఆ అట్టలు.)

"అవు బాపు! గంతే!"

"మరి ఆ మొదటిది ఎట్ల పుట్టింది?"

"తెల్వది బాపు. నాకే గాదు, ఇంకా ఎవ్వలకు తెల్వది. ఎతుకుతున్నరు."

బాపు తల ఊపి, గుంపు వైపు తిరిగాడు. అత్త ఉంది, జోడీదారులు ఉన్నారు, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటున్న మేడమ్ కూడా ఉన్నారు. "ఇన్నరా? దునియల ఎవ్వలకు తెల్వని సంగతి ఉన్నదట. అది మా బిడ్డ సదువుతున్నది" అన్నాడు.

బహుమతి అగ్నిపర్వతానికే వెళ్ళింది. వడోదరకు మాత్రం మేడమ్ నన్నే పంపారు, తప్పును చార్టెక్కించింది నేనొక్కదాన్నే అని. (దారిపొడుగునా అత్త కట్టిచ్చిన సకినాలు తింటూ వెళ్ళాను.)

ఇప్పుడు నేను సూరత్‌లోనే, ఉన్ అనే పేట దగ్గర ఒక బడిలో సైన్సు చెబుతున్నాను. ఏ చిన్న విషయమైనా రెండు పుస్తకాలు చూడందే నోరు విప్పను, అంత బుద్ధి వచ్చింది. కానీ అప్పుడప్పుడు, జవాబు పత్రాలు దిద్దుతూ, ఆ పంతొమ్మిదేళ్ళ పిల్లను తలచుకుంటాను. ఒక పగలూ ఒక రాత్రీ అది తాను సృష్టికర్తననుకుని బతికింది. పొరపాటే, శుద్ధ పొరపాటే. అయినా అంత సంతోషం నాకు మళ్ళీ ఏ సరైన జవాబులోనూ దొరకలేదు.